గడువు ముంచుకొచ్చినప్పుడు కుట్టుపని

సంచికకు ఏదైనా ఒక సైన్సు వ్యాసం రాసివ్వమని విద్యార్థి సంఘం మిత్రులు అడిగారు. మా తరగతిలో ఇద్దరు అప్పటికే కృష్ణబిలాలను పంచుకున్నారు. ఇంకొకరు కృత్రిమ మేధను పట్టుకున్నారు. నాకు అనుభవంలో ఉన్న యంత్రం ఒక్కటే మిగిలింది, అది కుట్టు మిషన్. "మగపిల్లోడివి, జాకెట్లు గుడ్డలు అని రాస్తావేందిరా?" అని నవ్విన స్నేహితులు మన బజారులో మిషన్ల ముందు కూచున్న దర్జీలను ఒక్కసారి తలుచుకోవాలని మనవి.

కుట్టడం ఎలాగో ఈ వ్యాసంలో చెప్పబోవడం లేదు. అది నాలుగు పేజీల్లో వచ్చే విద్య కాదు. టైము తక్కువ, గుడ్డలు ఎక్కువ అయినప్పుడు కాలం అసలు ఎక్కడ పోతుంది, పోయే చోట దాన్ని ఎలా పట్టుకోవాలి అన్నదే విషయం. ఇది నేను పుస్తకంలో చదవకముందే మా ఇంటి వసారాలో చూశాను.

మాది పెనుకొండ దగ్గర పల్లె. నాలుగెకరాల మెట్ట, అందులో శెనక్కాయ. రెండేళ్ల క్రితం ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. పెట్టిన విత్తనం కూడా తిరిగి రాలేదు. ఆ తర్వాతి ఎండాకాలమంతా ఇంటిని నడిపింది అమ్మ మిషనే. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని కొన్న కాలిమిషన్ అది. జూన్ 2వ తేదీ మాపున ఒక దుకాణదారు నలభై యూనిఫాం చొక్కాలకు గుడ్డ తెచ్చి పడేశాడు. పదిహేను రోజుల ముందు ఇస్తానన్న గుడ్డ. జూన్ 12న బడులు తెరుస్తారు. 11వ తేదీ సాయంత్రానికి చొక్కాలు అందకపోతే కూలి సగమే ఇస్తానన్నాడు. నా కాలేజీ ఫీజు, విత్తనాల ఖర్చు రెండూ ఆ కూలి మీదే ఉన్నాయి.

అమ్మ ఒక పిల్లల చొక్కాను మొదటి నుంచి చివరిదాకా కుడుతుంటే నేను ఫోనులో టైము చూస్తూ పక్కన కూచున్నాను. కాజాలు, గుండీలు వదిలేస్తే 110 నిమిషాలు పట్టింది. నలభై చొక్కాలకు 73 గంటలు దాటుతుంది. వంటా, పశువులూ, నీళ్లూ పోను అమ్మ రోజుకు ఆరు గంటలు మిషన్ మీద కూచోగలదు. తొమ్మిది రోజులకు 54 గంటలు. అంటే 19 గంటలు తక్కువ. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే అమ్మ, "రాత్రిళ్లు కూచుంటాలే" అంది. ఎప్పుడూ చేసేది అదే గదా.

అయితే ఆ 110 నిమిషాలను విడదీసి చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. సూది నిజంగా గుడ్డలో ఆడింది 24 నిమిషాలే. కొలతలు, సుద్ద గీతలు, కత్తిరింపు కలిపి 20. ముక్కలు తిప్పుకోవడం, అంచులు కలుపుకోవడం, దారం తెంపడం 31. ఇస్త్రీ కోసం లేచి వెళ్లి రావడం 14. కత్తెర ఎక్కడ, టేపు ఎక్కడ అని వెతకడం 12. తెగిన దారం ఎక్కించడం, బాబిన్ నింపడం 9.

సూది లెక్కను ఇంకో రకంగా కూడా సరిచూశాను. చొక్కాలో ఉన్న కుట్లన్నీ టేపుతో కొలిస్తే దాదాపు 450 అంగుళాలు వచ్చింది, అనగా ముప్పై ఏడున్నర అడుగులు. అంగుళానికి 12 కుట్లు చొప్పున 5,400 కుట్లు. మిషన్ కింది పెద్ద చక్రం ఒకసారి తిరిగితే పైన చిన్న చక్రం సుమారు నాలుగుసార్లు తిరుగుతుంది. చిన్న చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక కుట్టు పడుతుంది. అమ్మ నిమిషానికి 110 సార్లు తొక్కితే 440 కుట్లు. ఆ లెక్కన ఆపకుండా తొక్కితే మొత్తం చొక్కా పన్నెండు నిమిషాల్లో అయిపోవాలి. కాలరు మొనల దగ్గర, చంక వంపుల దగ్గర నెమ్మదించబట్టి 24 అయింది.

సరిగ్గా ఆ రోజే మా నాయన అప్పు చేసైనా మిషన్‌కు కరెంటు మోటారు బిగించాలని అనుకుంటున్నాడు. మోటారు పెడితే సూది వేగం రెట్టింపు అవుతుందనుకుందాం. 24 నిమిషాలు 12 అవుతాయి. చొక్కా 110 నుంచి 98కి వస్తుంది, అంతే. మిగిలిన 86 నిమిషాలను మోటారు ముట్టుకోదు. కంప్యూటర్ సైన్సు మిత్రుడికి ఈ సంగతి చెబితే, ఇది తమ పాఠంలో అమ్‌డాల్ సూత్రం అన్నాడు. 1967లో జీన్ అమ్‌డాల్ అనే ఇంజనీరు కంప్యూటర్ల గురించి చెప్పిన మాట అట. పనిలో ఒక భాగాన్ని ఎంత వేగిరపరిచినా, తక్కిన భాగం అలాగే ఉంటే మొత్తం లాభం దానికి కట్టుబడే ఉంటుంది. మా నాయనకు మాత్రం ఏ సూత్రమూ అక్కరలేకపోయింది. "నడక పెంచితే ఏం లాభం, మలుపులో ఎద్దులు నిలబడిపోతుంటే" అన్నాడు. మోటారు మాట అక్కడితో ఆగింది.

ఈ మలుపు మాట నాకు చాలా పనికొచ్చింది. చేను దున్నేటప్పుడు అడ్డంగా కాక నిడుపుగా సాళ్లు వేస్తే మలుపులు తగ్గుతాయి. భూమి అంతే, ఎద్దులు అవే, పొద్దు మిగులుతుంది. కుట్టులో మలుపు ఎక్కడుంది? ఒక ముక్క అయిపోయి దారం తెంపి, ఇంకో రకం ముక్క అందుకునే చోట ఉంది. కాబట్టి ఒక చొక్కాను మొదలుపెట్టి ముగించడం మానుకున్నాం. నలభై జేబులూ ఒకేసారి మడిచి ఇస్త్రీ చేశాం. నలభై జేబులూ ఒకేసారి కుట్టాం. కుట్టేటప్పుడు ఒక ముక్క చివరికి రాగానే దారం తెంపకుండా, రెండు మూడు కుట్లు ఖాళీగా పోనిచ్చి తర్వాతి ముక్కను సూది కిందికి తోసేది అమ్మ. మిషన్ వెనకాల ముక్కలన్నీ మామిడాకుల తోరణంలా వేలాడుతూ వచ్చేవి. అవ్వ శెనక్కాయలు ఒలుస్తూనే మధ్య మధ్య కత్తెర తీసుకుని ఆ తోరణాన్ని తుంచి పెట్టేది. దారం కూడా మిగిలింది. తెంపిన ప్రతిసారీ పైదీ కిందిదీ కలిపి జానెడు దారం ఊరికే పోతుందన్నది చిన్న విషయమేమీ కాదు.

ఇటువంటి పరిశీలన కొత్తదేమీ కాదు. అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అనే ఆయన ఇటుకలు పేర్చే మేస్త్రీలను గమనించి, ఒక్క ఇటుక పెట్టడానికి పట్టే 18 కదలికలను 5కు తగ్గించాడు. అందులో ముఖ్యమైన ఉపాయం ఇటుకల్ని నేల మీద కాక మేస్త్రీ నడుము ఎత్తున పెట్టడం. ఆయనా, ఆయన భార్య లిలియన్ కలిసి 1916లో అలసట గురించి ఒక పుస్తకమే రాశారు. దాన్ని తలుచుకుని నేను చేసిన పని చిన్నదే. కత్తెర, సుద్ద, టేపు మూడింటినీ తాడు కట్టి మిషన్ బల్లకు వేలాడదీశాను. ఇస్త్రీ బల్లను మిషన్‌కు కుడి పక్కన, కూచునే చేయి చాపితే అందేటట్టు జరిపాను. వెతుకులాట పన్నెండు నిమిషాల నుంచి దాదాపు సున్నాకు వచ్చింది. బాబిన్లు పక్కింటివాళ్ల దగ్గర అడిగి తెచ్చి, ముందు రోజు రాత్రే పద్నాలుగు నింపి సబ్బుపెట్టెలో పెట్టాం. ఒక్కో బాబిన్ సుమారు మూడు చొక్కాలకు వచ్చింది.

కత్తిరింపు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. టైమును ఎక్కువగా మిగిల్చేదీ, ఎక్కువగా ముంచేదీ అదే. సైజులు మూడు. 28వి పద్నాలుగు, 30వి పదహారు, 32వి పది. ప్రతి సైజుకూ పాత క్యాలెండరు అట్ట మీద అచ్చులు గీసుకున్నాం. వీపు, ముందు భాగం, చేయి, కాలరు, జేబు ఇలా. గుడ్డను ఎనిమిది పొరలుగా పరిచి అచ్చు పెట్టి ఒకేసారి కత్తిరించాం. ఇంట్లో వాడే కత్తెరకు అంతకుమించి పొరలు పెట్టకూడదు. పై పొర సరిగ్గా తెగినా కింది పొరలు జారి అరంగుళం తేడా వస్తుంది. పొరలు పరిచాక అంచుల్లో గుండుసూదులు గుచ్చాలి. నిలువు పోగు అన్ని పొరల్లోనూ ఒకే దిక్కున ఉండాలి, లేకపోతే ఉతికిన తర్వాత చొక్కా మెలి తిరుగుతుంది. తెగిన ప్రతి కట్టకూ సైజు రాసిన చీటీ కట్టాలి. మూడు సైజుల చేతులు కలిసిపోయాయంటే విడదీయడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు.

ఇక నా ఘనకార్యం. నాలుగో రోజు పట్టీల పని నాకు అప్పజెప్పారు. ముందు భాగాల్లో ఒకదానికి కాజా పట్టీ, రెండోదానికి గుండీల పట్టీ. గుడ్డ లేత నీలం టెర్రికాటన్, రెండు వైపులా ఒకటే మాదిరి ఉంటుంది. కాబట్టి పట్టీ మడిచేంతవరకూ ఏది కుడి, ఏది ఎడమ అన్న తేడా లేదు. మడిచిన తర్వాత ఉంటుంది. నేను 28 సైజులో పద్నాలుగు ఎడమ ముక్కలు కుట్టి, అదే ఊపులో తక్కిన పద్నాలుగూ కూడా ఎడమవే చేసి తోరణం కట్టేశాను. అవ్వ తుంచి దొంతి పెట్టింది. అమ్మ రెండు ముక్కలు ఎదురెదురు పెట్టి చూసి, ఏమీ అనకుండా కుట్లు విప్పే బ్లేడు నా చేతికిచ్చి, తనూ ఒకటి తీసుకుంది. ఒక్కో పట్టీ విప్పడానికి ఆరు నిమిషాలు. పద్నాలుగింటికి 84 నిమిషాలు, ఇద్దరం పంచుకున్నాం. మళ్లీ ఇస్త్రీ, మళ్లీ కుట్టు. ఒక్కొక్క చొక్కాగా కుట్టి ఉంటే ఆ తప్పు ఒక్కదానితోనే బయటపడేది. వరుసగా చేసే పద్ధతిలో ఉన్న ప్రమాదం ఇదే, తప్పు కూడా వరుసగానే నడుస్తుంది.

ఆ రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన అక్క విని నవ్వింది. అక్క అప్పట్లో హిందూపురం వైపు ఒక గార్మెంట్సు ఫ్యాక్టరీలో పనిచేసేది. మన ప్రాంతం పల్లెల నుంచి ఇట్లా బస్సులెక్కి వెళ్లే ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. "మా లైనులో మొదటి పీసు పూర్తిగా చూపించి సరే అనిపించుకోకుండా రెండోది ముట్టనీయరు రా" అంది. మరుసటి రోజు నుంచి ఏ కొత్త పని మొదలుపెట్టినా ముందు ఒక చొక్కాకు చేసి, గోడకు మేకుకు తగిలించి, దాన్ని చూస్తూ తక్కినవి చేశాం.

అక్క చెప్పిన ఇంకో సంగతి దీనికంటే విలువైనది. ఫ్యాక్టరీలో ఒక్కొక్కరు ఒక్కొక్క పనే చేస్తారు. ఒకరు కాలరు, ఒకరు చేయి, ఒకరు జేబు. 1913లో ఫోర్డు కార్ల కంపెనీలో మొదలైన కదిలే వరుస, 2019 నుంచి మన పెనుకొండ పక్కనే కార్లను తయారుచేస్తున్న పద్ధతి కూడా మూలంలో ఇదే. అయితే వరుస మొత్తం నడిచేది అన్నిటికంటే నెమ్మదైన మనిషి వేగంతోనే. మిగిలినవాళ్లు ఎంత తొందరపడినా వాళ్ల ముందు గుడ్డలు కుప్ప పడతాయి, అంతే. మా ఇంట్లో ఆ కుప్ప కాలరు దగ్గర పడింది. ఒక్కో కాలరుకు అమ్మకు తొమ్మిది నిమిషాలు పడుతోంది. చేతులు ఐదారు నిమిషాల్లో అయిపోతున్నాయి. అప్పుడు కాలరు పనిని ముక్కలు చేశాం. బక్రం కత్తిరించి ఇస్త్రీతో అతికించడం నాది. కుట్టిన తర్వాత మొనలు కత్తిరించి, పుల్లతో తిప్పి మొన తేల్చడం అవ్వది. సూది పని మాత్రమే అమ్మది. అమ్మ వాటా నాలుగు నిమిషాలకు దిగింది.

అక్క చెప్పిన క్రమం కూడా మార్చుకున్నాం. ఇదివరకు అమ్మ పక్క కుట్లు వేసి, చొక్కా గొట్టంలా అయిన తర్వాత చేతులు ఎక్కించేది. గుండ్రటి చంకలో గుండ్రటి చేయి ఎక్కించడం కష్టం. దానికి బదులు భుజాలు కలపగానే, చొక్కా ఇంకా చదునుగా పరుచుకుని ఉన్నప్పుడే చేయిని అతకాలి. ఆ తర్వాత చేయి చివర నుంచి చంక మీదుగా నడుము దాకా ఒకే పరుగులో పక్క కుట్టు వేయాలి. జేబు కూడా అంతే, ముందు భాగం విడిగా ఉన్నప్పుడే కుట్టేయాలి.

కాజాల సంగతి వేరు. చొక్కాకు ఆరు చొప్పున 240 కాజాలు. చేత్తో కుట్టే ప్రశ్నే లేదు. పెనుకొండలో కాజా మిషన్ ఉన్న దుకాణానికి పంపాలి. చివరి రోజు అన్నీ కలిపి తీసుకుపోతే బడులు తెరిచే వారం కాబట్టి అక్కడ మనకంటే ముందు పది మంది ఉంటారు. అందుకని ఒక సైజు అయిపోగానే నాయన సంతకు పోతూ పట్టుకెళ్లేవాడు. మేము రెండో సైజు కుడుతుంటే మొదటి సైజు కాజాలు అక్కడ తయారవుతుండేవి.

ఈ ఉపాయాలన్నీ అన్ని గుడ్డలకూ పనికొస్తాయనుకుంటే పొరపాటు. సెలవుల్లో ధర్మవరంలో మా మేనత్త ఇంటికి వెళ్లినప్పుడు ఈ లెక్కలన్నీ గొప్పగా చెప్పాను. ఆమె పట్టు జాకెట్లు కుడుతుంది. ధర్మవరం పట్టుచీర గురించి ఈ ప్రాంతం వాళ్లకు చెప్పాల్సింది లేదు. పెళ్లిళ్ల రోజుల్లో అత్త బల్ల మీద జాకెట్టు ముక్కలు దొంతులుగా ఉంటాయి. "ఎనిమిది పొరలా? ఈ ముక్క పోతే ఎక్కడ తెస్తావప్పా?" అంది. నిజమే. జాకెట్టు గుడ్డ చీరతోపాటు నేసి వచ్చిన ముక్క. దానికి జత బజారులో దొరకదు. కుట్టు విప్పితే పట్టులో సూది రంధ్రాలు అలాగే కనబడతాయి. టెర్రికాటన్ మాదిరి ఇస్త్రీ పెడితే పూడుకోవు. కాబట్టి అత్త పట్టును ఒక్కొక్కటిగానే, పగటి వెలుతురులోనే కత్తిరిస్తుంది. ముందు లైనింగు గుడ్డను కుట్టి తొడిగి చూపించి, దాన్ని సరిచేసి, ఆ కొలతకే పట్టును తెంపుతుంది. చూడ్డానికి ఇది రెట్టింపు పని. కానీ ముహూర్తం రేపు అనగా ఈరోజు విప్పాల్సిన అవసరం రాదు. పక్కల్లో అంగుళంన్నర గుడ్డ లోపలికి వదులుతుంది. పెళ్లికూతురు ఒళ్లు చేసినా ఆ మడత తీస్తే పది నిమిషాల్లో సరిపోతుంది.

అత్త కాలం మిగుల్చుకునేది వేరే చోట. ఒకసారి తీసుకున్న కొలతలు తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో ఉంటాయి. హుక్కులు, చేతి మడత కుట్లు వీధిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లకు ముక్కకు ఇంత అని ఇస్తుంది. మరీ తొందరైతే పైపింగు, వీపు మీద ముడులు, కుచ్చులు మానేద్దామని ముందే చెప్పేస్తుంది. చంక కుట్టు, భుజం కుట్టు మాత్రం ఎంత తొందరైనా రెండు వరుసలే. అన్నిటికంటే ముఖ్యంగా ఫలానా తేదీ తర్వాత వచ్చిన గుడ్డ తీసుకోదు. మా అమ్మకు ఈ ఒక్కటి చేతకాదు.

ఆ ఇంటి పక్కనే మగ్గం. పాత పడుగు అయిపోతే కొత్త పడుగు పోగులన్నీ అచ్చుపన్నెలో మొదటి నుంచి ఎక్కించరు. పాత పోగు చివరకు కొత్త పోగును వేళ్లతో మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు, ఒక్కొక్కటిగా. ఆ తర్వాత మొత్తం ముందుకు లాగుతారు. మా తోరణం కంటే చాలా పాత ఉపాయం అది. నేనేదో కనిపెట్టానన్న గర్వం అక్కడ కొంత దిగింది.

ఇంతకీ మిగిలిన కాలం ఎవరికి చెందుతుంది? కుట్టు మిషన్ చరిత్రలో ఈ ప్రశ్న మొదటి రోజు నుంచీ ఉంది. ఫ్రాన్సులో తిమోనియే అనే దర్జీ 1830లో మిషన్‌కు పేటెంటు తీసుకుని, ప్యారిస్‌లో సైనికుల దుస్తులు కుట్టే కర్మాగారం పెడితే, కూలి పోతుందన్న భయంతో దర్జీలు 1831లో దానిమీద పడి మిషన్లు విరగ్గొట్టారు. అమెరికాలో ఎలియాస్ హో 1846లోనూ, సింగర్ 1851లోనూ పేటెంట్లు పొందారు. యంత్రాలను అంతగా విమర్శించిన గాంధీజీ కూడా 1924లో సింగర్ మిషన్‌ను మినహాయించి మెచ్చుకున్నారు. భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి సింగర్ దాన్ని చేశాడన్నది ఆయన చెప్పిన కారణం.

మా అక్క ఫ్యాక్టరీలో ఒక్కో పనికి ఇన్ని నిమిషాలని లెక్క కట్టి ఉంటుంది, ఎస్.ఎ.ఎం. అంటారట. అమ్మాయిలు చేయి తిరిగి త్వరగా చేస్తే గంటకు చేయాల్సిన పీసుల లెక్క పెంచేవారని అక్క చెప్పేది. "నేను మిగిల్చిన నిమిషం నాకెప్పుడూ రాలేదు రా" అంది ఒకసారి. నేను నేర్చుకున్న పద్ధతి ఆ లైనుదే. కానీ మా వసారాలో ఆ నిమిషాలు అమ్మ దగ్గరే ఉండిపోయాయి. ఈ తేడా ఏ భౌతికశాస్త్ర సూత్రంలోనూ లేదు.

చివరకు అందరి చేతులూ కలిపి చొక్కాకు 64 నిమిషాలు పడింది. నలభైకి 42 గంటల 40 నిమిషాలు, నా పద్నాలుగు పట్టీలు విప్పిన కాలం కాకుండా. అందులో అమ్మది ముప్పై గంటలకు కొంచెం తక్కువ. జూన్ 11న పొద్దు గూకకముందే నలభై చొక్కాలూ మూట కట్టి దుకాణంలో ఇచ్చి వచ్చాం. కూలి పూర్తిగానే ఇచ్చాడు, కాకపోతే రెండు నెలలు తిప్పుకుని ఇచ్చాడు. ఆ నిరీక్షణను తగ్గించే ఉపాయం ఇంతవరకూ మాకు దొరకలేదు.

ఆ తొమ్మిది రాత్రుల్లో అమ్మ పది గంటలు దాటి మేల్కొన్నవి రెండే. ఒకటి, బాబిన్లు నింపిన రాత్రి. రెండోది నా పుణ్యమే.